ఎక్స్‌ఫోలియేషన్ గ్లకోమా – కంటి ఒత్తిడికి మందుల చికిత్స: విశాఖపట్నం నేపథ్యం

ఎక్స్‌ఫోలియేషన్ గ్లకోమా పెద్ద వయసులో వచ్చే ఒక రకం నీటికాసుల జబ్బు. కంటి లోపల తెల్లని పొట్టులాంటి పదార్థం పేరుకుని, కంట్లో ఊరే నీరు బయటికి పోయే దారిని పూడ్చేస్తుంది. దాంతో కంటి ఒత్తిడి పెరిగి దృష్టి నాడి దెబ్బతింటుంది. కంటి ఆసుపత్రుల్లో దీన్ని ‘సూడో ఎక్స్‌ఫోలియేషన్’ అని, పొట్టిగా ‘పీఎక్స్ఎఫ్’ అని అంటారు. ఫలానా కారణం అని గుర్తుపట్టగలిగిన ఓపెన్ యాంగిల్ (నీరు పోయే మూల తెరిచే ఉండే) గ్లకోమాల్లో ప్రపంచం మొత్తం మీద ఎక్కువగా కనిపించేది ఇదే.

మామూలు గ్లకోమాకూ దీనికీ మూడు తేడాలున్నాయి. ఇందులో ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. ఒకే రోజులో బాగా పెరిగి తగ్గుతుంటుంది. చూపు త్వరగా పోతుంది. కాబట్టి పరీక్ష వేళకు ఒత్తిడి తగ్గి ఉంటే సరిపోదు, ఇరవై నాలుగు గంటలూ అదుపులో ఉండాలి. మందుల ఎంపిక, మోతాదు, వేసుకునే వేళ అన్నీ ఈ అవసరాన్ని బట్టే నిర్ణయమవుతాయి. ఒకవైపు సముద్రం మీద ఎండలో పనిచేసే మత్స్యకారులూ ఓడరేవు కార్మికులూ, మరోవైపు కొలిమి వేడిలో షిఫ్టులు చేసే ఉక్కు కార్మికులూ ఉన్న విశాఖపట్నంలో ఈ జబ్బు గురించి తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ప్రత్యేకంగా ఉన్నాయి.

## పేరు, చరిత్ర

ఈ పదార్థాన్ని మొదట వర్ణించినవాడు ఫిన్లాండ్‌కు చెందిన జాన్ లిండ్‌బర్గ్. 1917లో సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో, ముసలివారి కనుపాప అంచున బూడిదరంగు పొలుసులు కనిపిస్తున్నాయని రాశాడు. 1920లలో స్విట్జర్లాండ్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ ఫోగ్ట్ దీనికీ గ్లకోమాకూ ఉన్న సంబంధాన్ని నొక్కిచెప్పాడు. లెన్స్ పైపొరే ఊడి పొలుసులుగా రాలుతోందని ఆయన భావించాడు. ‘పొలుసూడటం’ అనే అర్థం వచ్చే ఎక్స్‌ఫోలియేషన్ అన్న మాట అలా స్థిరపడింది.

నిజంగానే లెన్స్ పైపొర ఊడే జబ్బు మరొకటుంది. గాజు ఊదేవారి కళ్లలో దాన్ని 1922లో కంటి వైద్యుడు ఎల్ష్‌నిగ్ వర్ణించాడు. ఏళ్ల తరబడి కొలిమి ముందు నిలబడి ఇన్‌ఫ్రారెడ్ వేడిని చూసినవారిలో లెన్స్ ముందుపొర పల్చటి కాగితంలా లేచి చుట్టుకుపోతుంది. దీనివల్ల శుక్లం రావచ్చు కానీ గ్లకోమా సాధారణంగా రాదు. ఈ రెంటినీ వేరుచేసి చెప్పడానికే 1954లో కంటి వైద్యురాలు జార్జియానా ద్వోరాక్ థియోబాల్డ్ మొదటిదానికి ‘సూడో’ అన్న ముందుమాట చేర్చారు. అందులో ఊడుతున్నది లెన్స్ పొర కాదని, ఎక్కడినుంచో వచ్చి దానిమీద చేరిన పదార్థమని ఆమె వివరించారు.

ఉక్కునగరంలో ఈ తేడా తెలిసి ఉండటం అవసరం.    విశాఖ ఉక్కు కర్మాగారం ఫర్నేసుల దగ్గర కరిగిన లోహం వెలుగును రక్షణ అద్దాలు లేకుండా చూస్తే కంటికి హాని జరుగుతుంది. కానీ ఆ హాని ‘నిజమైన’ ఎక్స్‌ఫోలియేషన్ కోవలోనిది. కంటి ఒత్తిడిని పెంచే పొట్టుకు కొలిమి కారణమని వైద్యశాస్త్రం చెప్పదు. ఫర్నేసు దగ్గర ఎన్నడూ పనిచేయని గృహిణికీ, రైతుకూ ఇది వస్తుంది.

## కంట్లో ఏం జరుగుతుంది

కంటి ముందుభాగంలో నిరంతరం కొద్దికొద్దిగా నీరు ఊరుతూ ఉంటుంది. లెన్స్‌కూ కార్నియాకూ ఆహారం అందించి, ఆ నీరు మూలన ఉన్న జల్లెడలాంటి కణజాలం గుండా రక్తంలోకి వెళ్లిపోతుంది. ఈ జల్లెడను ట్రబెక్యులార్ మెష్‌వర్క్ అంటారు. ఊరేదీ పోయేదీ సమానంగా ఉన్నంతకాలం కంటి ఒత్తిడి సుమారు 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య నిలకడగా ఉంటుంది.

ఎక్స్‌ఫోలియేషన్‌లో సాగేగుణం గల నారపోగుల తయారీ గాడి తప్పుతుంది. ముక్కలు ముక్కలుగా తయారైన ప్రోటీన్ పోగులు లెన్స్ మీద, ఐరిస్ అంచున, లెన్స్‌ను పట్టి ఉంచే సన్నని తాళ్లమీద, జల్లెడలోనూ పేరుకుంటాయి. వెలుగుకూ చీకటికీ కనుపాప చిన్నదై పెద్దదవుతున్నప్పుడల్లా ఐరిస్ వెనుకభాగం ఈ గరుకు పొట్టుమీద రాసుకుంటుంది. ఆ ఒరిపిడికి ఐరిస్‌లోని రంగుపొడి రాలి నీటిలో కలుస్తుంది. ఇలా పొట్టు, రంగుపొడి రెండూ వెళ్లి జల్లెడ కన్నాలను మూసేస్తాయి.

లెన్స్ మీద ఇది మూడు వలయాలుగా కనిపిస్తుంది. నడుమ పల్చటి బిళ్ల, అంచున తెల్లని గరుకు పట్టీ, రెంటి మధ్య ఐరిస్ రుద్దుడుకు శుభ్రమైన ఖాళీ వలయం. ఇదే ఈ జబ్బుకు ముద్రలాంటిది. మొదట ఒక కంట్లో కనిపించి, కొన్నేళ్లకు రెండో కంట్లోనూ బయటపడటం తరచుగా చూస్తాం. పొట్టు ఉన్న ప్రతి ఒక్కరికీ గ్లకోమా రాదు. కానీ వచ్చే ముప్పు మిగతావారికంటే చాలా ఎక్కువ కాబట్టి క్రమం తప్పని పరీక్ష తప్పనిసరి.

## వ్యాప్తి

లోకం మొత్తం మీద 6 నుంచి 7 కోట్లమందిలో ఈ పొట్టు ఉంటుందని ఒక అంచనా. స్కాండినేవియా దేశాల జబ్బుగా పేరుపడినా, దక్షిణ భారతంలోనూ ఇది అరుదేమీ కాదు. చెన్నై ప్రాంతంలో జరిగిన అధ్యయనంలో 40 ఏళ్లు దాటినవారిలో దాదాపు 4 శాతం మందిలో, తమిళనాడు గ్రామాల్లో జరిగిన అరవింద్ సర్వేలో 6 శాతం మందిలో ఇది కనిపించింది. రెండింటి ఫలితాలూ 2003లో వెలువడ్డాయి.

తెలుగునేల మీద ప్రధాన ఆధారం ఆంధ్రప్రదేశ్ ఐ డిసీజ్ స్టడీ. ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ 1996–2000 మధ్య చేపట్టిన ఈ సర్వేలో 10,293 మందిని పరీక్షించారు. హైదరాబాద్ నగరం, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామాలు ఇందుకు ఎంపికయ్యాయి. పశ్చిమ గోదావరి కూడా కోస్తా జిల్లాయే కాబట్టి, విశాఖకు దగ్గరి పోలిక అక్కడే దొరుకుతుంది. 2005లో వెలువడిన విశ్లేషణ ప్రకారం వయసు పెరిగేకొద్దీ పొట్టు కనిపించేవారి సంఖ్య పెరిగింది. ఆరుబయట పనిచేసేవారిలో అది మరింత ఎక్కువగా ఉంది. ఇదే సర్వేలోని హైదరాబాద్ భాగంలో, ఓపెన్ యాంగిల్ గ్లకోమా ఉన్న పదిమందిలో తొమ్మిదిమందికి పైగా తమకు జబ్బు ఉందన్న సంగతి తెలియదని తేలింది.

## కారణాలు: ఎండ, నీరు, జన్యువు

2007లో ఐస్‌లాండ్, స్వీడన్ రోగుల మీద జరిగిన పరిశోధన, 15వ క్రోమోజోముపై ఉన్న ఎల్ఓఎక్స్ఎల్1 అనే జన్యువుతో ఈ జబ్బుకు బలమైన సంబంధం ఉందని చూపింది. సాగే నారపోగులను ముడివేసే ఎంజైమును తయారుచేసేది ఈ జన్యువే. దక్షిణ భారత రోగుల్లోనూ ఈ సంబంధం కనిపించింది. అయితే ముప్పు కలిగించే రూపాంతరాలు జబ్బులేని చాలామందిలో కూడా ఉంటాయి కనుక, జన్యుపరీక్ష చేసి ఎవరికి వస్తుందో చెప్పడం కుదరదు. జన్యువుకు తోడు బయటి కారణమేదో ఉండాలి.

ఆ బయటి కారణాల్లో ఎండకు ఎక్కువ ఆధారాలున్నాయి. 2014లో వెలువడిన అమెరికా–ఇజ్రాయెల్ అధ్యయనంలో ఎక్కువకాలం ఆరుబయట గడిపినవారికీ, ముఖ్యంగా నీటిమీదనో మంచుమీదనో పనిచేసినవారికీ ముప్పు ఎక్కువని తేలింది. పైనుంచి పడే ఎండను కనుబొమలూ టోపీ అంచూ ఆపుతాయి. నీటిమీద పడి కిందినుంచి ఎగదన్నే వెలుగును అవి ఆపలేవు. విశాఖ తీరాన తూర్పుముఖంగా వేటకు వెళ్లే జాలరిపేట మత్స్యకారుడికీ, 1933లో మొదలైన ఓడరేవులో డెక్ మీద పనిచేసే కార్మికుడికీ ఈ మాట నేరుగా వర్తిస్తుంది.

రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం పెరగడానికీ ఈ జబ్బుకూ సంబంధం ఉందని పలు అధ్యయనాలు గమనించాయి. అమెరికాలో రోజుకు మూడు కప్పులు, అంతకు మించి కాఫీ తాగేవారిలో జబ్బు కొంత ఎక్కువని 2012లో ఒక అధ్యయనం తేల్చింది. అరకు కాఫీ ప్రియులు దీనికి గాబరాపడనక్కరలేదు. అది గణాంకాల్లో కనిపించిన సంబంధం మాత్రమే, కాఫీ మానితే కంటి ఒత్తిడి అదుపులోకి వస్తుందని అర్థం కాదు.

## గుర్తించడం

ఈ జబ్బుకు మొదట్లో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు అంచులనుంచి తగ్గుతుంది కాబట్టి, పక్కనుంచి వచ్చే ఆటో కనిపించకపోయినా ఎదురుగా ఉన్న పేపరు చదవగలుగుతారు. పైగా ఈ కళ్లలో శుక్లం కూడా తరచుగా ఉంటుంది. చూపు మసకబారితే ‘పొర వచ్చింది, ముదిరాక తీయించుకుందాం’ అనుకునే అలవాటు మన ఇళ్లలో పాతది. శుక్లం ముదిరేదాకా ఆగినా ఆపరేషన్‌తో పోయిన చూపు తిరిగి రావచ్చు. అదే సమయంలో లోపల గ్లకోమా పెరుగుతూ ఉంటే నాడి చనిపోయినంత మేరకు చూపు తిరిగి రాదు.

డాక్టరు స్లిట్ ల్యాంప్‌తో కంటిని చూస్తారు. లెన్స్ అంచున ఉన్న పొట్టు కనుపాపను పెద్దది చేయకముందు ఐరిస్ చాటున దాగిపోతుంది. చుక్కలు వేసి కనుపాపను విప్పార్చి చూడకపోతే జబ్బు తప్పిపోయే అవకాశం ఎక్కువ. అలా విప్పార్చినప్పుడు రంగుపొడి రాలి ఒత్తిడి తాత్కాలికంగా పెరగవచ్చు కనుక ఆ తరువాత మరోసారి ఒత్తిడి కొలుస్తారు. కనుపాప విప్పార్చడానికి ముందే గోనియోస్కోపీ అద్దంతో మూలను పరిశీలిస్తారు. చెన్నై అధ్యయనంలో ఈ పొట్టు ఉన్నవారిలో కొందరికి మూలలు ఇరుకుగా ఉన్నట్టు తేలింది. మూల ఇరుకైతే చికిత్స దారి మారుతుంది. దృష్టి నాడి ఫోటో, ఓసీటీ స్కాన్, విజువల్ ఫీల్డ్ పరీక్షలు నష్టం ఎంత జరిగిందో చెబుతాయి.

## చికిత్స లక్ష్యం

పేరుకున్న పొట్టును కరిగించే మందేదీ లేదు. ఉన్న మందులన్నీ ఒత్తిడిని తగ్గించేవే. ఎంత తగ్గించాలన్నది నాడికి అప్పటికే జరిగిన నష్టాన్ని బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. మొదట కనీసం 25–30 శాతం తగ్గింపు కోరుకుంటారు. జబ్బు ముదిరిన కళ్లలో ఇంకా కిందికి తెస్తారు.

ఎందుకింత పట్టుదల అన్నదానికి స్వీడన్‌లోని మాల్మోలో సాగిన ఎర్లీ మానిఫెస్ట్ గ్లకోమా ట్రయల్ జవాబిస్తుంది. చికిత్స లేకుండా వదిలిన కళ్లలో ఎక్స్‌ఫోలియేషన్ రకం ఏడాదికి సగటున 3.13 డెసిబెల్స్ (విజువల్ ఫీల్డ్ పరీక్షలో వాడే కొలత) చొప్పున చూపు విస్తీర్ణాన్ని కోల్పోయింది. ఎక్స్‌ఫోలియేషన్ లేని అధిక ఒత్తిడి గ్లకోమాలో ఆ వేగం 1.31 మాత్రమే. ఒత్తిడి తగ్గించిన ప్రతి 1 మిల్లీమీటరుకూ జబ్బు ముదిరే ముప్పు సుమారు 10 శాతం తగ్గుతుందని కూడా అదే ట్రయల్ చూపింది.

## మందుల తరగతులు

ప్రోస్టాగ్లాండిన్ మందులు. లాటనోప్రోస్ట్, ట్రావోప్రోస్ట్, బిమటోప్రోస్ట్, టాఫ్లూప్రోస్ట్ ఈ కోవలోవి. సాధారణంగా చికిత్స వీటితోనే మొదలవుతుంది. పూడిన జల్లెడను వదిలేసి, కంటి కండరాల మధ్యనుంచి ఉండే మరో దారిని ఇవి తెరుస్తాయి. రాత్రి ఒక్క చుక్క వేస్తే ప్రభావం మర్నాటిదాకా ఉంటుంది. ఒత్తిడిని నాలుగోవంతు నుంచి మూడోవంతు దాకా తగ్గిస్తాయి. పగలూ రాత్రీ పనిచేయడం వీటి బలం, ఒత్తిడి పెరిగి తగ్గే ఈ జబ్బులో అదే కావాలి. కన్ను ఎర్రబడటం, రెప్పవెంట్రుకలు పొడవుగా దట్టంగా పెరగడం, రెప్పల చర్మం నల్లబడటం, కళ్లు లోపలికి పోయినట్టు కనిపించడం వీటి దుష్ప్రభావాలు. కంట్లో వాపు ఉన్నవారికి జాగ్రత్తగా ఇస్తారు.

బీటా బ్లాకర్లు. టిమోలోల్ 1978లో అమెరికాలో అనుమతి పొందింది. కంట్లో నీరు ఊరడాన్ని తగ్గిస్తుంది. రోజుకు ఒకటి లేదా రెండుసార్లు వేస్తారు. ధర తక్కువ. కానీ నీరు ఊరడమే తక్కువగా ఉండే నిద్రవేళలో దీని ప్రభావం అంతంతమాత్రం. చుక్క ముక్కులోకి జారి రక్తంలో కలుస్తుంది కాబట్టి ఉబ్బసం, దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు, నాడి నెమ్మదిగా కొట్టుకోవడం, గుండెలో హార్ట్‌బ్లాక్ ఉన్నవారికి ప్రమాదం. మధుమేహ రోగుల్లో షుగరు పడిపోయినప్పుడు వచ్చే గుండెదడను ఇది కప్పిపుచ్చవచ్చు. దుమ్ములో ఏళ్లపాటు పనిచేసి దగ్గు, ఆయాసం ఉన్న కార్మికుడు ఆ సంగతి కంటి డాక్టరుకు చెప్పకుండా ఉండకూడదు.

కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ నిరోధకాలు. డోర్జోలమైడ్, బ్రింజోలమైడ్ చుక్కలుగా, ఎసిటజోలమైడ్ మాత్రలుగా దొరుకుతాయి. ఇవీ నీరు ఊరడాన్ని తగ్గిస్తాయి, చుక్కలు రాత్రిపూట కూడా పనిచేస్తాయి. కంటిలో మంట, నోటిలో చేదు మామూలు. మాత్రలను ఒత్తిడి విపరీతంగా పెరిగినప్పుడో, ఆపరేషన్‌కు ముందో కొద్దిరోజులకే వాడతారు. వేళ్ల తిమ్మిరి, ఆకలి తగ్గడం, పొటాషియం పడిపోవడం, మూత్రపిండాల్లో రాళ్లు రావచ్చు. ఫర్నేసు దగ్గర చెమటోడ్చేవారు ఈ మాత్రలు వాడే రోజుల్లో నీళ్లు తగినంత తాగకపోతే రాళ్ల ముప్పు పెరుగుతుంది. సల్ఫా మందులు పడనివారు ముందే చెప్పాలి.

ఆల్ఫా ఎగోనిస్టులు. బ్రిమొనిడిన్ నీరు ఊరడాన్ని తగ్గించడంతోపాటు బయటికి పోయే దారినీ పెంచుతుంది. నోరు ఎండటం, అలసట, నిద్రమత్తు దీని ఇబ్బందులు. ఓడరేవులో క్రేన్ నడిపేవారు, భారీ వాహనాలు తోలేవారు మందు తమకు ఎలా పడుతోందో తెలిసేదాకా జాగ్రత్తపడాలి. కొందరికి కొన్ని నెలలకు ఎలర్జీ వచ్చి కళ్లు ఎర్రబడి దురద పెడతాయి. పసిపిల్లలకు ఇది నిషిద్ధం, చుక్కల సీసా మనవల చేతికి అందకుండా చూడాలి.

పైలోకార్పిన్. దక్షిణ అమెరికా మొక్క జబొరాండి నుంచి వచ్చిన ఈ మందును 1870లలో గ్లకోమాకు వాడటం మొదలుపెట్టారు. చాలా కాలం ఇదే ప్రధాన ఔషధం. ఇది కనుపాపను చిన్నది చేసి జల్లెడను లాగి విప్పుతుంది. ఎక్స్‌ఫోలియేషన్‌లో దీనికి మరో ప్రయోజనం ఉంది. కనుపాప కదలకుండా ఉంటే ఐరిస్ పొట్టుమీద రాసుకోవడం ఆగుతుంది, రంగుపొడి రాలడం తగ్గుతుంది. ఆ ఆలోచనతో రాత్రి 2 శాతం చుక్క ఒకటి వాడే పద్ధతిని అమెరికా నిపుణుడు రాబర్ట్ రిచ్ వంటివారు సమర్థించారు. చిక్కు ఏమిటంటే కనుపాప చిన్నదైతే చీకటిలో చూపు మరీ తగ్గుతుంది. శుక్లం ఉంటే పగలు కూడా ఇబ్బందే. ఐరిస్ లెన్స్‌కు అతుక్కుపోయే ముప్పూ ఉంది. అందుకే నేడు దీన్ని ఎంచిన కొందరికే ఇస్తారు.

రో కైనేజ్ నిరోధకాలు. రిపాసుడిల్ 2014లో జపాన్‌లో, నెటార్సుడిల్ 2017లో అమెరికాలో అనుమతి పొందాయి. రెండూ భారత మార్కెట్లో దొరుకుతున్నాయి. పూడిపోయిన జల్లెడ కణజాలాన్నే నేరుగా సడలించి దారి తీయడం వీటి ప్రత్యేకత. కన్ను ఎర్రబడటం ఎక్కువగా కనిపించే దుష్ప్రభావం.

మిశ్రమ చుక్కలు, అత్యవసర మందులు. ఎక్స్‌ఫోలియేషన్‌లో ఒక్క మందుతో లక్ష్యం అందకపోవడం మామూలే. రెండు మందులను ఒకే సీసాలో కలిపిన చుక్కలు అప్పుడు అక్కరకొస్తాయి. సీసాలు తగ్గితే మరచిపోవడం తగ్గుతుంది, చుక్కల్లోని సంరక్షక రసాయనం కంటికి తగలడమూ తగ్గుతుంది. ఒత్తిడి ఒక్కసారిగా 50 దాటి కన్ను ఎర్రబడి, నొప్పి, వాంతులు వస్తే ఆసుపత్రిలో మానిటాల్‌ను నరంద్వారా ఎక్కిస్తారు. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి దాన్ని చాలా జాగ్రత్తగా ఇస్తారు.

## షిఫ్టులు, ఎండలు, సీసాలు

రాత్రి పడుకునేముందు చుక్క అన్న సలహా జనరల్ షిఫ్టు వారికి సరిపోతుంది. ఎ, బి, సి షిఫ్టులు మారుతూ పనిచేసేవారికి ‘పడుకునే వేళ’ వారం వారం మారిపోతుంది. ప్రోస్టాగ్లాండిన్ చుక్కకు కావలసింది చీకటి కాదు, ఇరవై నాలుగు గంటల ఎడం. అందుచేత షిఫ్టు ఏదైనా మారని ఒక గంటను డాక్టరుతో మాట్లాడి ఎంచుకుని, దానికే కట్టుబడాలి. మరచిపోయామని మరునాడు రెండు చుక్కలు వేసుకుంటే ఫలితం పెరగదు, పైగా తగ్గవచ్చు.

నిల్వ మరో సమస్య. మామూలు లాటనోప్రోస్ట్ సీసాను తెరవకముందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. తెరిచాక 25 డిగ్రీలు దాటని చోట ఆరువారాలు వాడవచ్చు. విశాఖ వేసవిలో 25 డిగ్రీలు దాటని గది ఏసీ ఉన్న ఇంట్లోనే సాధ్యం. సీసాను ఫ్రిజ్ తలుపు అరలో పెట్టుకోవాలి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ఫ్రిజ్ లేనివారు, బోటులో రోజులతరబడి వేటకు వెళ్లేవారు ఆ మాట చెప్పి, గది ఉష్ణోగ్రతలో నిలిచే రకం అడగాలి. అలాంటి తయారీలు మన దేశంలో ఉన్నాయి. సీసా తెరిచిన తేదీని దానిమీదే రాసిపెట్టుకోవడం మంచి అలవాటు.

చుక్క వేసుకునే తీరులోనే సగం ఫలితం ఉంటుంది. చేతులు కడుక్కుని, తల వెనక్కి వాల్చి, కింది రెప్పను సంచీలా లాగి ఒకే చుక్క వేయాలి. కన్ను ఒక్క చుక్కకు మించి పట్టుకోదు, మిగతాది చెంపమీదికి కారిపోతుంది. సీసా మొన కంటికి తగలకూడదు. తరువాత కళ్లు మూసుకుని, ముక్కుపక్కన కంటి మూలను వేలితో రెండు మూడు నిమిషాలు నొక్కి ఉంచితే మందు గొంతులోకి, రక్తంలోకి జారడం తగ్గుతుంది. రెండో మందుకు కనీసం ఐదు నిమిషాల ఎడం ఇవ్వాలి. చెయ్యి వణికే పెద్దలకు కొడుకో కోడలో వేస్తే మేలు.

కన్ను ఎర్రబడిందని మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు కొనుక్కోవడం ఈ రోగులకు మరీ ప్రమాదం. కొందరిలో అవి కంటి ఒత్తిడిని గణనీయంగా పెంచుతాయి.

## మందులు చాలనప్పుడు

జల్లెడమీద లేజర్ వేసే సెలెక్టివ్ లేజర్ ట్రబెక్యులోప్లాస్టీ ఈ జబ్బులో మొదట్లో బాగా పనిచేస్తుంది. జల్లెడలో చేరిన రంగుపొడి లేజర్ శక్తిని బాగా పీల్చుకోవడం దీనికి కారణం. కాని కొన్నేళ్లకు ప్రభావం తగ్గిపోతుంది. లేజర్ చేసిన వెంటనే ఒత్తిడి ఎగబాకే అవకాశం ఉంది కాబట్టి ఆ రోజు మళ్లీ కొలిచి చూస్తారు. లేజర్‌కూ లొంగకపోతే ట్రబెక్యులెక్టమీ ఆపరేషన్‌తో నీటికి కొత్త దారి చేస్తారు.

శుక్లం ఆపరేషన్ కూడా ఒత్తిడిని కొంత తగ్గిస్తుంది. కాని ఈ కళ్లలో అది సులువైన పని కాదు. కనుపాప సరిగా విప్పారదు, లెన్స్‌ను పట్టి ఉంచే తాళ్లు పొట్టువల్ల బలహీనపడి ఉంటాయి, లెన్స్ జారే ప్రమాదం ఉంటుంది. ఏళ్ల తరువాత కూడా పెట్టిన కృత్రిమ లెన్స్ కదిలిపోవచ్చు. పీఎక్స్ఎఫ్ ఉందని ముందే తెలిస్తే సర్జన్ తగిన ఏర్పాట్లతో దిగుతారు. అందుకే క్యాంపుల్లో శుక్లం పరీక్షకు వచ్చినవారి కనుపాప విప్పార్చి చూడటం గ్లకోమా పరీక్షగానూ ఉపయోగపడుతుంది.

## విశాఖలో వైద్య సదుపాయాలు

ఉత్తరాంధ్రకు విశాఖ పాత వైద్య కేంద్రం. ఆంధ్ర వైద్య కళాశాల, కింగ్ జార్జ్ ఆసుపత్రి 1923 నుంచీ ఉన్నాయి. కళాశాలకు అనుబంధంగా ప్రభుత్వ ప్రాంతీయ నేత్ర వైద్యశాల పనిచేస్తోంది. గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ సంస్థ 2006లో హనుమంతవాక దగ్గర జి.ఎం.ఆర్. వరలక్ష్మి ప్రాంగణాన్ని ప్రారంభించింది. ఊళ్లలో ఉండే విజన్ సెంటర్లలో మొదటి పరీక్ష జరిగి, అవసరమైనవారు పై ఆసుపత్రికి చేరేలా ఆ సంస్థ అంచెల విధానాన్ని నడుపుతుంది. శంకర్ ఫౌండేషన్ కంటి ఆసుపత్రి శుక్లం ఆపరేషన్లకు పేరుపొందింది. విశాఖ ఉక్కు జనరల్ ఆసుపత్రి, ఓడరేవు గోల్డెన్ జూబిలీ ఆసుపత్రి తమ ఉద్యోగులకూ కుటుంబాలకూ సేవలందిస్తున్నాయి.

మందు దొరకడం పెద్ద చిక్కు కాదు. టిమోలోల్, పైలోకార్పిన్, ఎసిటజోలమైడ్ దేశ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నాయి. 2022 సవరణలో లాటనోప్రోస్ట్ కూడా చేరింది. 2.5 మిల్లీలీటర్ల లాటనోప్రోస్ట్ సీసా రెండు కళ్లకూ రోజుకో చుక్క చొప్పున వేసుకుంటే నెలకు సరిపోతుంది. చిక్కు అంతా మానకుండా వాడటంలో ఉంది. చుక్క వేస్తే చూపు మెరుగుపడదు, మానేస్తే వెంటనే నొప్పి రాదు. పదవీ విరమణ తరువాత కంపెనీ ఆసుపత్రికి దూరంగా సొంతూరికి వెళ్లిపోయిన పెద్దలు మందు ఆపేసే ప్రమాదం ఇలాంటి జబ్బులోనే ఎక్కువ.

## నివారణ, కుటుంబ పరీక్ష

ఎక్స్‌ఫోలియేషన్ రాకుండా ఆపే మందు లేదు. ఆరుబయట పనివారు చిన్న వయసునుంచే అంచున్న టోపీ పెట్టుకోవడం, పక్కలనుంచి కూడా కప్పే నల్లకళ్లద్దాలు వాడటం సమంజసమైన జాగ్రత్తలు. ఫర్నేసు పనివారికి ఇచ్చే రక్షణ అద్దాలు శుక్లంనుంచీ, నిజమైన ఎక్స్‌ఫోలియేషన్ నుంచీ కాపాడతాయి. అవి పెట్టుకున్నామని గ్లకోమా పరీక్ష మానకూడదు.

నలభై దాటిన ప్రతివారూ ఒకసారి కంటి ఒత్తిడి చూపించుకుని, కనుపాప విప్పార్చిన పరీక్ష చేయించుకోవాలి. పీఎక్స్ఎఫ్ ఉన్నట్టు తేలితే ఒత్తిడి మామూలుగా ఉన్నా ఏటా రావాలి. ఒక కంట్లో జబ్బు ఉంటే రెండో కంటిని కూడా ఆ వరసలోనే గమనిస్తారు. మందు మొదలయ్యాక మొదటి నెలల్లో ఒకే వేళకు కాకుండా, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఒత్తిడి కొలిపించుకోవడం మంచిది. రాత్రి నడిచే సి షిఫ్టు దిగి పొద్దున్నే ఆసుపత్రికి వచ్చిన కార్మికుడి అంకెకూ, సాయంత్రం వచ్చినప్పటి అంకెకూ తేడా ఎంతుందో చూస్తేనే, ఆ మందు రోజంతా పనిచేస్తోందో లేదో డాక్టరుకు తెలుస్తుంది.